పేరు లేని బార్బేరియన్

నీళ్ళ ఆఫీసులో ఫిర్యాదుల కిటికీ వెనక కూర్చునే గుమాస్తాని ఎవరేమన్నా తిరిగి ఒక్క మాట అనడు. నీళ్ళు రాలేదని తిడతారు. వచ్చిన నీళ్ళు బురదగా ఉన్నాయని తిడతారు. కిందటి వారం తిట్టింది గుర్తుందా లేదా అని కూడా తిడతారు. అతను తలూపుతాడు. "రాసుకున్నానండీ, పైవాళ్ళకి చెబుతానండీ" అంటాడు. ఆఫీసులోనూ, అక్క ఇంట్లోనూ, స్నేహితుల్లోనూ అతనికి వెన్నముద్ద అనే ముద్దుపేరు స్థిరపడిపోయింది. దానికీ అతను తలూపాడు.

మింగిన కోపం అరిగిపోతుందనుకుంటాం. అరగదు. లోపల ఎక్కడో చోటు చూసుకుని కూర్చుంటుంది. వెన్నముద్ద కోపం ఆదివారాల్లో బయటికొచ్చేది.

అతని అక్కమొగుడికి, అంటే బావకి, చిన్న ప్రింటింగ్ ప్రెస్ ఉంది. కింద యంత్రాలు, పైన కాగితం రీములు పెట్టుకునే గది. కాగితానికి చెమ్మ తగలకూడదని ఆ గదికి కిటికీలు పెట్టలేదు. చుట్టూ గోడల ఎత్తున కాగితం కట్టలు, మధ్యలో ఒక బల్ల, నాలుగు కుర్చీలు, పైన ఒకే ఒక్క బల్బు. సిరా వాసన. గదిలో ఎంత గట్టిగా అరిచినా ఆ కాగితం పీల్చేసుకునేది, మెట్ల మీద నిలబడ్డవాడికి కూడా వినపడేది కాదు.

ఆదివారం పొద్దువాలే వేళకి నలుగురూ అక్కడ చేరి పాత్రల ఆట ఆడేవారు. బావ కథ నడుపుతాడు. మిగతా ముగ్గురూ ఆ కథలో తలా ఒక మనిషి. "ఎదురుగా వంతెన విరిగిపోయింది, ఏం చేస్తారు?" అంటాడు బావ. ఏం చేస్తారో చెప్పి ఇరవై ముఖాల పాచిక వెయ్యాలి. పెద్ద అంకె పడితే పని జరిగినట్టు, చిన్న అంకె పడితే చచ్చినట్టు. మందుల షాపాయన మంత్రగాడు. పెద్దాసుపత్రిలో ఒక దూది ఉండ కూడా ఇంటికి తెచ్చుకోని నర్సమ్మ, ఇక్కడ మాత్రం తాళాలు తీసే గజదొంగ.

వెన్నముద్ద బార్బేరియన్. ఊరూ వాడా ఎరగని కొండమనిషి. ఒంటి మీద తోలు, చేతిలో గొడ్డలి. కోపం పూనితే తగిలిన దెబ్బలు కూడా తెలియవు వాడికి. వాడి కోసం వెన్నముద్ద పొట్ట అడుగునుంచి ఒక గొంతు తీసేవాడు. మొదటిసారి ఆ గొంతు విన్నప్పుడు నర్సమ్మ చేతిలో టీ ఒలికిపోయింది.

"నీలో ఇంతుందా అన్నయ్యా!" అంది.

"అప్పుడప్పుడు ఆఫీసులో కూడా తియ్యరా ఆ గొంతు," అన్నాడు షాపాయన. "సగం మందికి నీళ్ళు వాటంతటవే వచ్చేస్తాయి."

బార్బేరియన్‌కి పేరేం పెడతావని ఆ మొదటిరోజే అడిగాడు బావ.

"వాడికి పేరెందుకు బావా? పేరుంటే ఎవరో ఒకరు పిలుస్తారు. పిలిస్తే పలకాలి. పొద్దుట్నించి సాయంత్రం దాకా నేను చేసేది అదేగా. వాణ్ణయినా వదిలెయ్యి."

అందరూ నవ్వారు. వాడు పేరు లేకుండానే మిగిలిపోయాడు. పాత తలుపు చెక్క ముక్కతో వెన్నముద్ద వాడికో బొటనవేలంత బొమ్మ చెక్కాడు. బల్ల మీద పరిచిన పటంలో అది అందరి బొమ్మల కన్నా ముందు నడిచేది.

ఆ బల్ల దగ్గర వాళ్ళకో కట్టుబాటు ఉంది. ఎవరైనా రాలేకపోతే, వాళ్ళ కుర్చీ ఖాళీగానే ఉంచుతారు. వాళ్ళ పాత్రని కుడిపక్కవాళ్ళు చూసుకోవాలి. పక్కింటివాళ్ళు మనకి అప్పగించిన పసిబిడ్డని చూసుకున్నట్టు చూసుకోవాలి. ప్రమాదంలోకి నెట్టకూడదు, తిరిగొచ్చాక గీత పడకుండా చేతిలో పెట్టాలి. ఇన్నేళ్ళలో ఎవరూ ఆ మాట తప్పలేదు. వెన్నముద్దకి కుడిపక్కన కూర్చునేది నర్సమ్మ.

వెన్నముద్దకి జ్వరమొచ్చి కొన్ని ఆదివారాలు వెళ్ళలేకపోయాడు. ఒక్కరూ ఫోన్ చెయ్యలేదు. నర్సమ్మయినా మాత్ర వేసుకున్నావా అని అడగలేదే అనుకున్నాడు గానీ, అది కూడా మింగేశాడు. జ్వరం తగ్గి లేచిన ఆదివారం పొద్దున్నే అక్క ఫోన్ చేసింది.

"ఇవాళ తప్పకుండా వెళ్ళరా. బావ మరీ మరీ అడుగుతున్నాడు."

"ఇంకా నీరసంగా ఉందే అక్కా."

"వెళ్ళి కాసేపు కూర్చో చాలు. నా మాట విను... నా కోసం వెళ్ళు."

అక్క మాట అతనెప్పుడూ తీసెయ్యలేదు. తల్లి లేని ఇంట్లో తనకి అన్నం కలిపి పెట్టిన చెయ్యి అది. వెళ్ళాడు.

బావే కిందికొచ్చి లోపలికి తీసుకెళ్ళాడు. తీసుకెళ్ళి, వెనకే షట్టర్ దించి తాళం వేశాడు.

"తాళమెందుకు బావా?"

"ఆదివారం కూడా పెళ్ళికార్డులంటూ ఎవడో ఒకడు దూరిపోతాడు. నువ్వు పద."

పైన షాపాయన లేచి నిలబడ్డాడు. నర్సమ్మ అతని కుర్చీలో కొత్త దిండొకటి వేసింది. "కూర్చో అన్నయ్యా, నీరసంగా ఉన్నావు" అంది, అతని వంక చూడకుండా. అలవాటు ప్రకారం నలుగురూ సెల్‌ఫోన్లు రేకు డబ్బాలో పడేశారు. బావ డబ్బా మూత పెట్టి తన కాళ్ళ దగ్గర పెట్టుకున్నాడు.

వెన్నముద్ద కూర్చున్నాడు. దిండు వెచ్చగా ఉంది.

ఎవరో అప్పటిదాకా కూర్చుని లేచినట్టుగా... వెచ్చగా ఉంది.

"ఇందులో ఎవరన్నా కూర్చున్నారా?"

"లేదు," అన్నారు ముగ్గురూ ఒక్కసారే.

టీ వచ్చింది. చక్కెర ఎక్కువ వేశారు. అందరి మర్యాదా ఎక్కువగానే ఉంది. పెళ్ళిచూపులకొచ్చినవాళ్ళలా ఒకరి మొహాలొకరు చూసుకుంటున్నారు గానీ పాచిక మీద ఎవరూ చెయ్యి వెయ్యలేదు. అప్పుడు చూశాడు పటం వైపు. మంత్రగాడి బొమ్మ, దొంగ బొమ్మ చివరి గుహ దాటి అవతల ఉన్నాయి. గుహ తలుపు దగ్గర, ఒక గాజు గ్లాసు బోర్లించి ఉంది. గ్లాసు కింద అతని చెక్కబొమ్మ.

గ్లాసు లోపలి గోడలకి ఆవిరి పట్టి ఉంది.

చూస్తుండగానే ఆ ఆవిరి కొంచెం తగ్గింది. మళ్ళీ పెరిగింది. మళ్ళీ తగ్గింది...

"ఏం చేశారు వాణ్ణి?" అన్నాడు వెన్నముద్ద.

షాపాయన గొంతు సవరించుకున్నాడు. "ఆటే కదరా. ఆ గ్లాసు చెరకి గుర్తు. గుహ తలుపు దగ్గర కాపలావాడొకడు ఉన్నాడు. ముగ్గుర్లో ఒకర్ని వాడికి వదిలేసిపోతే మిగతా ఇద్దర్నీ దాటనిస్తానన్నాడు. నేను నా మంత్రగాణ్ణి ఎన్నేళ్ళు పెంచానో నీకు తెలుసు. ఈవిడేమో తన దొంగని ఇవ్వనని ఏడుపు."

"నర్సమ్మా... వాడు నీ చేతిలో ఉన్నాడు కదమ్మా."

నర్సమ్మ చీర కొంగు వేలికి చుట్టుకుంటోంది. "నువ్వయితే ఏమీ అనవు కదా అని..."

ఆ మాట దగ్గర వెన్నముద్దకి ఏదో గుచ్చుకుంది. కిటికీ అవతల నిలబడి తిట్టేవాళ్ళు కూడా అదే ధైర్యంతో తిడతారు. వాళ్ళు పరాయివాళ్ళు. ఈమె అన్నయ్యా అని పిలిచేది. అయినా అలవాటుకొద్దీ తలూపాడు. "పర్లేదులే. ఆటేగా" అన్నాడు.

"అంతటితో అయితే బాగుండేది," అన్నాడు బావ. అతని పెదవులు తెల్లబడి ఉన్నాయి. "బావమరిదీ, నా కథలో కాపలావాడు అడిగింది మనిషిని. పేరు కాదు. ఒట్టు. బార్బేరియన్‌ని ఇచ్చేశాం అని వీళ్ళనగానే... 'ఎవర్ని ఇస్తున్నారు? పేరు చెప్పండి' అని ఎవరో అడిగారు. వీళ్ళు నేనడిగాననుకున్నారు. నేను వీళ్ళలో ఒకరనుకున్నాను."

"మరి ఎవరు?"

బావ వేలు పైకెత్తలేదు. కళ్ళతోనే చూపించాడు. వెన్నముద్ద కూర్చున్న కుర్చీ.

"నీ గొంతే. ఆ గొంతు. పొట్టలోంచి తీస్తావే... అది. కుర్చీ ఖాళీగానే ఉంది."

"ఏం చెప్పారు మీరు?"

షాపాయన తల దించుకున్నాడు. "వాడికి నువ్వు పేరే పెట్టలేదు కదరా. నోటికేదొస్తే అది చెప్పేశాను... నీ పేరు. వెన్నముద్ద కాదు. అసలు పేరు. ఇంటిపేరుతో సహా."

పైన బల్బు చుట్టూ ఒక పురుగు తిరుగుతోంది. దాని రెక్కల చప్పుడు కూడా కాగితం పీల్చేసుకుంటోంది.

"ఆ రాత్రి నుంచి మొదలైంది," అంది నర్సమ్మ. ఆమె గొంతు గుసగుసకి దిగిపోయింది. "వార్డులో ఖాళీ మంచాల దగ్గర్నుంచి గంట మోగుతుంది. వెళ్తే ఎవరూ ఉండరు. దుప్పటి కిందనుంచి... అదే గొంతు. 'పేరు ఇచ్చారు. మిగతాది ఎప్పుడిస్తారు?' అని."

"నా షాపులో షట్టర్ అవతల నిలబడుతుంది," అన్నాడు షాపాయన. "మిగతాది, మిగతాది అంటుంది."

"నాకు యంత్రం తిరుగుతున్నప్పుడు," అన్నాడు బావ. "రోలర్ల మధ్యలోంచి."

వెన్నముద్ద ముగ్గుర్నీ చూశాడు. కొత్త దిండు. చక్కెర ఎక్కువైన టీ. దించిన షట్టర్. మూతపెట్టిన డబ్బా. ఒక్కొక్కటీ వరసగా కళ్ళముందుకొచ్చి నిలబడ్డాయి.

"అందుకా నన్ను రమ్మన్నారు?"

బావ రేకు డబ్బాని కాలితో ఇంకొంచెం వెనక్కి జరిపాడు.

"నన్ను తీసుకొచ్చి... అప్పగించడానికా?"

"మాకు పిల్లలున్నార్రా," అన్నాడు షాపాయన. "నీకెవరూ లేరుగా."

వెన్నముద్ద దిగ్గున లేచాడు. లేచాక గానీ అర్థం కాలేదు, ఎంత తప్పు చేశాడో.

కుర్చీ ఖాళీ అయింది.

బల్బు వెలుతురు ఎర్రగా దిగిపోయింది. గదిలో సిరా వాసన పోయి, తడిసిన తోలు వాసన వచ్చింది. పచ్చి తోలు. దాని వెనకే ఇనుము వాసన. దిండు మెల్లగా... మెల్లగా కిందికి నొక్కుకుపోయింది. కుర్చీ కాళ్ళు కిర్రుమన్నాయి. వెన్నముద్ద ఎంత బరువుంటాడో దానికి తెలుసు. ఇప్పుడు పడ్డ బరువు అంతకు రెండింతలు.

గ్లాసు లోపల ఆవిరి నిండిపోయింది. బొమ్మ కనపడటం లేదు.

"మిగతాది?"

గొంతు గట్టిగా లేదు. ఎదుటివాడు వింటాడని తెలిసినవాడు మాట్లాడినంత నెమ్మదిగా ఉంది.

ముగ్గురూ వెన్నముద్ద వైపు వేలు చూపించారు. నర్సమ్మ ఏడుస్తూ చూపించింది. బావ కళ్ళు మూసుకుని చూపించాడు. షాపాయన చెయ్యి మాత్రం వణకలేదు.

"చెప్పరా," అన్నాడు బావ గుసగుసగా. "వస్తానని ఒక్కమాట చెప్పు. అయిపోతుంది."

ఆ క్షణంలో వెన్నముద్దకి భయం కన్నా ముందు ఒక వింత జాలి కలిగింది. ఆ కుర్చీలో ఉన్నవాడి మీద. వాణ్ణీ వీళ్ళే అమ్మారు. నమ్మి కుడిచేతి పక్కన పెట్టి వెళితే, గుహ తలుపు దగ్గర వదిలేసి దాటిపోయారు. ఈ గదిలో తన బాధ తెలిసినవాడు ఎవడన్నా ఉంటే, వాడొక్కడే.

"నన్నివ్వడానికి వీళ్ళెవరు?" అన్నాడు. "వాళ్ళిచ్చిన పేరు చెల్లదు. అది నాది. నేనిస్తేనే నీది. ఇదిగో, ఇప్పుడు నేనిస్తున్నా, తీసుకో. నన్ను మాత్రం అడగకు."

కుర్చీ ఇంకోసారి కిర్రుమంది. ఊపిరి... దీర్ఘంగా... లోపలికి. బయటికి.

"పేరుతో వచ్చేదంతా?"

పేరుతో వచ్చేది ఏముంది, అనుకున్నాడు వెన్నముద్ద. కిటికీ ముందు తిట్లు తప్ప. రోజూ చెప్పే మాట కాబట్టి, ఆలోచించకుండానే తలూపాడు.

"ఆ. పేరుతో వచ్చేదంతా."

"సరే."

దిండు పైకి లేచింది. బల్బు తెల్లగా వెలిగింది. పటం మీద గ్లాసు పొడిగా, ఖాళీగా ఉంది. బొమ్మ లేదు.

నర్సమ్మ కుర్చీలోంచి జారి నేలమీద కూలబడింది. బావ మొహం చేతుల్లో దాచుకున్నాడు. షాపాయన అతని దగ్గరికి రాబోయి, "ఒరేయ్..." అన్నాడు. ఆగాడు. నుదురు ముడిపడింది. "ఒరేయ్..." అని మళ్ళీ అని, ఏదో వెతుక్కుంటున్నవాడిలా అలాగే నిలబడిపోయాడు.

వెన్నముద్ద వాళ్ళ మొహాలు చూడబుద్ధి కాక మెట్లు దిగి కిందికొచ్చేశాడు. షట్టర్ తాళంచెవి బావ జేబులోనే ఉండిపోయింది. పైకి వెళ్ళి అడగాలనిపించలేదు. చీకట్లో యంత్రాల మధ్య నిలబడ్డాడు. బతికాడు. ఒక్క మాటతో బతికి బయటపడ్డాడు. సంతోషం రావాలి. రాలేదు. ఒక్క సంగతి లోపల ముల్లులా ఉంది.

నా కోసం వెళ్ళు, అంది అక్క.

అక్కకి తెలుసా?

స్నేహితులు పోతే పోయారు. బావ ఎంతైనా పరాయింటివాడు. అక్కకి తెలియదని ఒక్కసారి చెవులారా వింటే చాలు, మిగతాదంతా మింగెయ్యగలడు. బిల్లుల బల్ల మీద ప్రెస్ ఫోన్ ఉంది. తడుముకుని నంబరు నొక్కాడు.

రెండో మోతకే తీసింది.

"ఏమండీ..." అంది అక్క, గుసగుసగా. ప్రెస్ నంబరు చూసి మొగుడనుకుంది. "అయిపోయిందా? వాడు ఏడ్చాడా?"

వెన్నముద్ద బల్ల అంచు పట్టుకున్నాడు.

"మాట్లాడరేం? పొద్దుట్నించి ఒక్క ముద్ద దిగలేదండీ నాకు. పిల్లల జోలికి రాకుండా ఉంటే చాలని ఒప్పుకున్నాను గానీ... ఆగండి. ఎవరో తలుపు కొడుతున్నారు."

రిసీవర్ పక్కన పెట్టిన చప్పుడు. అడుగులు. గడియ తీసిన చప్పుడు. ఆ తర్వాత దూరం నుంచి అక్క గొంతు, ఒక్కసారిగా ఏడుపూ నవ్వూ కలిసి:

"ఒరేయ్! నువ్వా! వదిలేశారా నిన్ను? రా నాన్నా, లోపలికి రా..."

అడుగులు వెనక్కి వచ్చాయి. ఆమెవి కొన్ని. ఆమెవి కానివి కొన్ని.

"ఏమండీ, తమ్ముడొచ్చేశాడు! మంచి పని చేశారు, వదిలేసి మంచి పని చేశారు." ఆమె గొంతు తగ్గించింది. "కానీ మనిషి ఏంటోలా ఉన్నాడండీ. మన గుమ్మంలోంచి తల తగలకుండా వంగి వచ్చాడు. ఎప్పుడూ లేంది..."

"అక్కా!" అని అరిచాడు వెన్నముద్ద. "వాడు నేను కాదు! పిల్లల్ని తీసుకుని బయటికి పో! నేనిక్కడున్నాను అక్కా, నేను..."

నేను, అన్న తర్వాత చెప్పాల్సిన మాట రాలేదు. పన్ను ఊడిన చోట నాలుక తిరిగినట్టు తిరిగింది. అక్కడేమీ లేదు. చిన్నప్పట్నుంచి అక్క పిలిచిన పిలుపు, బళ్ళో హాజరు పలికిన మాట, ఆఫీసు కిటికీ మీద రాసి ఉన్న అక్షరాలు... ఏమీ లేవు.

"హలో? హలో?" అంటోంది అక్క. "మీరేనా? ఏమీ వినపడట్లేదే..." రిసీవర్ మొహానికి దూరంగా జరిపి, గదిలో ఉన్నవాడితో అంది: "ఎవరో ఏంటోరా. ఊపిరి ఒక్కటే వినిపిస్తోంది."

అతను అరుస్తూనే ఉన్నాడు. గొంతు చీరుకుపోయేలా అరుస్తున్నాడు.

ఫోన్ అవతల నేల కిర్రుమంది. ఎవరో బరువుగా ఆమె పక్కన కూర్చున్నారు. ఏదో అడిగారు. చాలా నెమ్మదిగా, ఒక్క ముక్క.

అక్క నవ్వింది.

"నా పేరా? నా పేరు నీకెందుకురా? ఏంటా చూపు... సరే సరే, చెబుతాలే. విను..."